వృషణ క్యాన్సర్: చికిత్స చరిత్ర

పదిహేనేళ్లకూ నలభై ఏళ్లకూ మధ్య వయసు మగవారికి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో వృషణ క్యాన్సర్ ఒకటి. 1970ల మొదటి దాకా ఇది ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిందంటే పదిమందిలో ఒక్కరు బతకడమే గొప్ప. ఇప్పుడు పాకిన దశలో ఆస్పత్రికి వచ్చినవారిలో కూడా ఎక్కువమందికి పూర్తిగా నయమవుతోంది. గడ్డ కట్టే క్యాన్సర్లలో ఇంత పెద్ద మలుపు ఇంకొకటి లేదు. ఆ మలుపుకు మూలం ఒక లోహం, అదీ క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేని ఒక ప్రయోగంలో బయటపడింది.

ఈ క్యాన్సర్లలో దాదాపు 95 శాతం వీర్యకణాలకు మూలమైన బీజకణాల నుంచి పుడతాయి. 1906లో ఫ్రెంచ్ వైద్యుడు మారిస్ షెవాసు వీటిని విడదీసి, ఒక రకానికి సెమినోమా అని పేరు పెట్టాడు. సెమినోమా నెమ్మదిగా పెరుగుతుంది, రేడియేషన్‌కు తేలిగ్గా కరుగుతుంది. నాన్ సెమినోమా రకాలు వేగంగా పాకుతాయి, ఇరవైలలో ఉన్న కుర్రవాళ్లలో ఎక్కువ. షెవాసు చేసిన ఆ విభజన మీదే నేటికీ చికిత్స నడుస్తోంది.

కత్తి, కిరణం

మొదటి చికిత్స సర్జరీ. గడ్డ ఉన్న వృషణాన్ని తీసేస్తారు. అయితే కోత పెట్టేది వృషణాల సంచి మీద కాదు, గజ్జ దగ్గర. గర్భంలో ఉన్నప్పుడు వృషణాలు మూత్రపిండాల పక్కన తయారై, అక్కడి నుంచి కిందికి జారతాయి. దిగేటప్పుడు తమ రక్తనాళాలనూ లింఫ్ నాళాలనూ వెంట తెచ్చుకుంటాయి. అందుకే వృషణంలో పుట్టిన క్యాన్సర్ సాధారణంగా ముందు పాకేది గజ్జల్లోకి కాదు, కడుపులో వెన్నెముక ముందున్న లింఫ్ గ్రంథుల్లోకి. సంచి చర్మం లింఫ్ మాత్రం గజ్జల్లోకి పోతుంది. సంచిని కోసినా, సూది గుచ్చి ముక్క తీసినా క్యాన్సర్‌కు అంతవరకూ లేని దారి తెరిచినట్టే. ఏదో నీటి వాపు అనుకుని సంచి మీదే కోత పెట్టడం ఈ జబ్బులో జరిగే పెద్ద పొరపాటు.

సెమినోమాకు సర్జరీ తర్వాత కడుపులోని గ్రంథులకు రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే స్థిరపడింది. నాన్ సెమినోమాకు ఆ గ్రంథులను కోసి తీసేవారు. ఊపిరితిత్తులకు ఎక్కాక మాత్రం వైద్యుడి చేతిలో ఏమీ మిగిలేది కాదు. 1960లో మిన్ చియు లీ మూడు మందులు కలిపి ఇచ్చి కొందరిలో గడ్డలు కరగడం చూపించాడు. అంతకుముందు ఆయన మెథోట్రెక్సేట్‌తో స్త్రీల గర్భకోశంలో వచ్చే కోరియోకార్సినోమాను నయం చేశాడు. గడ్డ కంటికి కనబడకపోయినా హెచ్‌సీజీ హార్మోన్ ఇంకా కనబడుతుంటే మందు ఆపకూడదన్నది ఆయన నేర్పిన పాఠం. గర్భ పరీక్షలో చూసేది ఈ హార్మోన్‌నే. కొన్ని వృషణ గడ్డలు కూడా దాన్ని తయారుచేస్తాయి. అందుకే ఇప్పుడు ఈ రోగులకు రక్తంలో హెచ్‌సీజీ, ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్ స్థాయిలు చికిత్సకు ముందూ మధ్యలోనూ తర్వాతా చూస్తూనే ఉంటారు.

ప్లాటినం

అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు. రెండుగా చీలుతున్న కణం బొమ్మ చూస్తే అయస్కాంతం చుట్టూ ఇనప రజను పేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ పోలిక ఆయన్ని ఆలోచనలో పడేసింది. కణవిభజన మీద విద్యుత్తు ప్రభావం ఉంటుందేమో చూద్దామని ఇ.కోలి బ్యాక్టీరియా పెరుగుతున్న ద్రవంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లు ముంచి కరెంటు పెట్టాడు. బ్యాక్టీరియా చావలేదు. కానీ చీలడం మానేసి సేమియా పోగుల్లా సాగిపోయాయి, మామూలు పొడవుకు 300 రెట్ల దాకా. ఆయనా, సహోద్యోగి లొరెట్టా వాన్ క్యాంప్‌తో పాటు తోటివారూ కారణం వెతికితే అది కరెంటు కానే కాదని తేలింది. దేనితోనూ కలవదనుకున్న ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి, ద్రవంలోని అమ్మోనియా, క్లోరైడ్‌లతో కలిసి కొత్త పదార్థంగా మారింది. 1965లో ఈ సంగతి 'నేచర్' పత్రికలో వచ్చింది. ఆ పదార్థాన్ని 1840లలోనే ఇటలీ రసాయన శాస్త్రవేత్త మికెలె పెయిరోనె తయారుచేశాడు. నూటపాతికేళ్ల దాకా దాని ఉపయోగం ఎవరికీ తట్టలేదు. అదే సిస్‌ప్లాటిన్.

కణవిభజనను ఆపగలిగేది క్యాన్సర్‌ను కూడా ఆపగలదు. ఎలుకల గడ్డలు కరిగాయని 1969లో రోజెన్‌బర్గ్ బృందం ప్రకటించింది. సిస్‌ప్లాటిన్ డీఎన్ఏలోని పక్కపక్క గ్వానిన్‌లకు అతుక్కుని పోగును వంచేస్తుంది. ఆ వంపును సరిచేసుకోలేక కణం చచ్చిపోతుంది. వృషణ క్యాన్సర్ కణాలకు ఆ మరమ్మతు శక్తి తక్కువ. మందు ఇక్కడ అంత బాగా పనిచేయడానికి ఇదొక ముఖ్య కారణం.

మనుషుల మీద తొలి ప్రయోగాల్లో మూత్రపిండాలు దెబ్బతిని, ఈ మందును పక్కన పెట్టేసే పరిస్థితి వచ్చింది. న్యూయార్క్‌లో ఎస్తెబాన్ ష్విత్కొవిచ్ తదితరులు మందుకు ముందూ తర్వాతా సెలైన్ ధారాళంగా ఎక్కించి, మ్యానిటాల్ ఇచ్చి మూత్రం బాగా పోయేలా చేశారు. అలా ఉప్పు నీటితో మందు నిలబడింది.

ఇండియానాపొలిస్‌లో యువ వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ 1974లో సిస్‌ప్లాటిన్‌కు విన్‌బ్లాస్టిన్, బ్లియోమైసిన్ జోడించాడు. విన్‌బ్లాస్టిన్ మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసినది. బ్లియోమైసిన్‌ను జపాన్‌లో హమావొ ఉమెజావా ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి వేరుచేశాడు. ఆ ఏడాది ఈ మూడు మందులూ తీసుకున్న ఒక కాలేజీ కుర్రాడికి ఊపిరితిత్తుల నిండా గడ్డలు. అంతకుముందు వాడిన మందులేవీ పనిచేయలేదు. కొద్ది వారాల్లోనే ఎక్స్‌రే శుభ్రమైంది. 1977లో ఐన్‌హార్న్, సర్జన్ జాన్ డొనహ్యూ కలిసి ఫలితాలు ప్రకటించారు. లెక్కలోకి తీసుకున్న 47 మందిలో 74 శాతం మందికి గడ్డలు పూర్తిగా మాయమయ్యాయి. దాదాపు అందరికీ మరణశాసనంలా ఉన్న జబ్బులో అలాంటి సంఖ్య అంతకుముందు ఎవరూ చూడలేదు. 1978లో అమెరికా ప్రభుత్వం సిస్‌ప్లాటిన్‌కు అనుమతి ఇచ్చింది.

బతికినవారు పడిన బాధ తక్కువేమీ కాదు. ఒక్క రోజులోనే లెక్కలేనన్ని వాంతులయ్యేవి, మందు పేరు వింటేనే కడుపు తిప్పేది. 1990లలో ఆన్‌డాన్‌సెట్రాన్ వచ్చాక ఆ నరకం చాలావరకు తగ్గింది. 1987లో వెలువడిన పరిశోధనతో విన్‌బ్లాస్టిన్ స్థానంలో ఎటోపొసైడ్ వచ్చింది. బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, ప్లాటినంల తొలి ఇంగ్లిష్ అక్షరాలతో ఈ చికిత్సకు బీఈపీ అని పేరు. మూడు వారాలకొక సైకిల్ చొప్పున, తక్కువ ప్రమాదం ఉన్నవారికి మూడు, ఎక్కువ ఉన్నవారికి నాలుగు.

తగ్గించడం

నయం చేయడం చేతికొచ్చాక వైద్యుల దృష్టి రోగి ముందున్న యాభై ఏళ్ల జీవితం మీద పడింది. ఇరవై ఏళ్లకు నయమైనవాడికి అరవైలో గుండెజబ్బు రాకూడదు, చెవులు వినిపించాలి, పిల్లలు పుట్టాలి. లండన్‌లో మైకేల్ పెక్హామ్ బృందం మొదటి దశ రోగులకు సర్జరీ తర్వాత మందు ఇవ్వకుండా, స్కాన్‌లూ రక్త పరీక్షలతో కనిపెట్టుకుని ఉండే పద్ధతి మొదలుపెట్టింది. జబ్బు తిరగబెట్టినవారికే కీమో. గ్రంథులు తీసే ఆపరేషన్లో వీర్యస్ఖలనానికి అవసరమైన నరాలను కాపాడడం డొనహ్యూ వంటి సర్జన్లు నేర్పారు. కీమోకు ముందే వీర్యాన్ని భద్రపరచుకోవాలని రోగికి చెప్పడం ఇప్పుడు వైద్యుడి బాధ్యతల్లో ఒకటి. మందు తగ్గించడం కుదరని రోగుల గురించి 2007లో ఐన్‌హార్న్ బృందం మరో మాట చెప్పింది. మొదటి కీమో విఫలమైన 184 మందికి మూలకణాల సాయంతో భారీ మోతాదు మందులిస్తే 116 మంది జబ్బు లేకుండా నిలిచారు.

సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో, 25 ఏళ్ల వయసులో, క్యాన్సర్ మెదడుదాకా పాకింది. ఊపిరితిత్తులు చెడకూడదని ఇండియానాలో ఆయనకు బ్లియోమైసిన్ మార్చి ఐఫాస్ఫమైడ్ ఇచ్చారు. డోపింగ్ కారణంగా ఆయన టూర్ ద ఫ్రాన్స్ గెలుపులన్నీ తర్వాత పోయాయి గాని, ఆ చికిత్స ఫలితం పోలేదు. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు వచ్చింది వృషణంలో కాదు, రెండు ఊపిరితిత్తుల మధ్య. పిండదశలో దారి తప్పి అక్కడ ఆగిపోయిన బీజకణాల గడ్డ అది. 2012లో ఆయన చికిత్సకు వెళ్లింది కూడా ఐన్‌హార్న్ దగ్గరికే. ఆ సెప్టెంబరులో న్యూజిలాండ్ మీద ఆయన తిరిగి ఆడాల్సిన మొదటి మ్యాచ్ విశాఖపట్నంలో. వాన పడి ఒక్క బంతీ పడలేదు. మూడు రోజుల తర్వాత చెన్నైలో బ్యాట్ పట్టాడు.

మన దగ్గర

భారతదేశంలో ఈ క్యాన్సర్ అరుదు. లక్ష మంది మగవారిలో ఏటా ఒక్కరికన్నా తక్కువ. కానీ ఆలస్యం ఎక్కువ, దానికి మొదటి కారణం సిగ్గు. బోదకాలు ఉన్న కోస్తా పల్లెల్లో సంచి వాచిందంటే ముందు తట్టేది వరిబీజమే. చీకటి గదిలో టార్చి పెట్టి చూస్తే వరిబీజంలోని నీటి గుండా వెలుతురు ఎర్రగా కనబడుతుంది, గట్టి గడ్డ గుండా కనబడదు. గడ్డ చుట్టూ కూడా నీరు చేరవచ్చు కనుక అంతటితో తేల్చుకోకుండా అల్ట్రాసౌండ్ చేయించాలి. నొప్పి లేకపోవడం చూసి చాలామంది నెలల తరబడి ఊరుకుంటారు. ఈ జబ్బులో నొప్పి లేని గట్టి గడ్డే అసలు గుర్తు.

పుట్టుకతో వృషణం దిగని పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. 'పెద్దయితే అదే దిగుతుందిలే' అని ఇళ్లలో వాయిదా వేస్తుంటారు. ఆరు నెలల తర్వాత తనంతట తాను దిగడం చాలా అరుదు, ఆపరేషన్ ఏడాదిన్నర లోపు జరగాలి. ఆపరేషన్‌తో ముప్పు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. అయితే వృషణం సంచిలో ఉంటే, ఇరవై ఏళ్ల తర్వాత గడ్డ కట్టినా ఆ కుర్రాడి చేతికి అందుతుంది.