పటమటయు, ఇంజను సైకిలు క్లచ్చును

విజయవాడనుండి మచిలీపట్టణమునకు బోవు బందరు రోడ్డు ప్రక్కన, 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట పుణ్యమున కాలువనీటికి నోచుకొని పైరుపచ్చలతో చిరకాలము బ్రదికిన పటమట, 1966లో తన చేరువనే జవహర్ ఆటోనగరము వెలసిన నాటినుండి ఇనుముతోడను నూనెతోడను చెలిమి చేయ మొదలిడి, తుదకు 1985లో గ్రామపంచాయతీ హోదాను విడిచి విజయవాడ నగరపాలక సంస్థలో విలీనమయ్యెను. ఆటోనగరమనగానే లారీ బాడీలును, కమాను కట్టలును, లేతు యంత్రములును, పాత సామానుల దుకాణములును పాఠకునకు స్ఫురించుట సహజము. ఆ మహాశకటముల నీడలోనే పెరిగిన చిన్న విద్య యొకటి కలదు. సైకిలుకు ఇంజను తోడైన బండ్లకు క్లచ్చు సరిచేయు విద్య యది. సామాన్యుని జీవనమును అది మోసినంతగా అనేక ఘనవిద్యలు మోయలేదని నా నమ్మకము.

ఇంజను తిరుగుచునే యుండవలెను; బండి మాత్రము ఆగవలసినచోట ఆగవలెను. ఈ రెంటికిని పొత్తు కుదుర్చునది క్లచ్చు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపాలో సైకిలు చట్రమునకు పెట్రోలు ఇంజనును బిగించిన తొలినాటి శిల్పులలో పలువురు దీనిని గణింపలేదు. పట్టా ఇంజనునుండి నేరుగా వెనుక చక్రమునకే పోవుచుండెను గావున, బండి యాగినచో ఇంజనును ఆగిపోవుచుండెను; మరల బయలుదేరుటకు పెడళ్లు తొక్కుటయో, ప్రక్కన పరుగెత్తి ఎగిరి యెక్కుటయో తప్పకుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము కార్లు కొనలేని జనులకొరకు ఈ సైకిలు ఇంజనులు మరల విరివిగా వచ్చినపుడు, ఒక్కొక్క దేశము క్లచ్చు చిక్కును ఒక్కొక్క రీతిని విప్పెను. ఫ్రాన్సున 1946లో విపణికి వచ్చిన వెలోసోలెక్స్, ముందు టైరుపై ఒరసి తిరుగు రోలరుతో నడచెను. మీట లాగి ఇంజనునే పైకెత్తుట దాని క్లచ్చు. ఇంగ్లాండున 1950 నాటి సైకిల్‌మాస్టరు, వెనుక చక్రము నడిమిలోనే ఇంజనును దాచుకొని, బిరడాముక్కలు పొదిగిన ప్లేటుతో పట్టువిడుపులు నేర్చెను. మోటోబెకాన్ సంస్థ 1949లో వెలువరించిన మొబిలెట్ వంశముననే, చేతిపని లేక తనంతట తానే పట్టి విడుచు క్లచ్చు స్థిరపడెను: రైడరు తొక్కునపుడు ఇంజనును తిప్పుటకు ఒక పట్టు, ఇంజను అందుకొన్న పిమ్మట చక్రమును తిప్పుటకు వేరొక పట్టు. ఇంత చిన్న బండికి ఇంత యుక్తిని కూర్చిన ఆ శిల్పులకు నమస్కరింపవలయును.

ఆ మొబిలెట్ మన తెలుగునేలకు తిరుపతి ద్వారమున వచ్చెను. మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ అను సంస్థ, మోటోబెకాన్ అనుమతితో, సువేగా పేర మోపెడ్లను అచ్చట తయారుచేసెను. 1972లో కైనెటిక్ వారి లూనా, 1980లో హోసూరునుండి ఇద్దరెక్కదగిన టీవీఎస్ 50 వెలువడినవి. అంతట కృష్ణాడెల్టా కాలువగట్లపై పాలక్యానులు, గడ్డిమోపులు, కూరగాయల గంపలు పెడళ్ల బండ్లపై కదలసాగెను. ఏబది ఘన సెంటీమీటర్ల ఇంజనుపై రైతు మోపిన బరువు నంతటిని మోసినది, నిజమునకు, అరచేతిలో నిమిడెడు ఆ క్లచ్చు.

దాని రోగములు కొన్నియే. కాని ఒకదాని నొకటిగా భ్రమింపజేయును. వేగము హెచ్చినకొలది అపకేంద్ర బలముచే క్లచ్చు షూలు స్ప్రింగుల లాగుడును మీరి వెలుపలికి జరిగి, డ్రమ్మును లోపలనుండి ఒరసి పట్టును. వంతెన ఎత్తునకు ఇంజను మోత పెరిగి బండి సాగకున్న, క్లచ్చు జారుచున్నదని యర్థము. తొందరపాటువాడు వెంటనే కొత్త షూలు వేయును. అనుభవశాలి డ్రమ్ము విప్పి, మొదట లోపల వ్రేలితో తుడిచి చూచును. వ్రేలికి నూనె తగిలినచో దోషము షూలది కాదు, క్రాంకు ప్రక్కనున్న ఆయిల్ సీలుది. సీలు మార్చక లైనింగు మార్చినవాని శ్రమ కొలదిదినములలో వ్యర్థమగును. లోపల పొడిగానుండి, లైనింగు అద్దమువలె మెరయుచున్నచో, గరుకు కాగితముతో రుద్దిన పట్టు తిరిగివచ్చును. డ్రమ్ము నీలివన్నె కెక్కియున్న, అధికభారముతో జారుచునే చాలదూరము తోలినారని దాని సాక్ష్యము. ఇక సిగ్నలువద్ద బ్రేకు వదలినంతనే బండి తానై ముందుకు పాకుచున్న, ఇంజను స్లో (బండి నిలిచియున్నపుడు ఇంజను తిరుగు వేగము) మరీ హెచ్చుగా పెట్టబడినదో, షూల స్ప్రింగు సడలినదో, విరిగినదో చూడవలెను. బయలుదేరునపుడు దడదడ కుదిపిన, డ్రమ్ము అరిగి గుండ్రదనము కోల్పోయినదేమో పరిశీలింపవలెను.

ఇటీవలి దశాబ్దములలో సామాన్యపు సైకిలుకే ఇంటివద్ద రెండు స్ట్రోకుల చిన్న ఇంజనును బిగించుకొను యువకులు కానవచ్చుచున్నారు. ఆ ఇంజనులలో పలువాటికి క్లచ్చు చేతిమీటతో, వైరుతో నడచునదియే. అందు మరల సైకిల్‌మాస్టరు నాటి ప్రశ్నలే తలయెత్తును. వైరునకు లేశమైనను వదులు లేకున్న ప్లేటు పూర్తిగ అదుముకొనక జారును. వదులు మిక్కుటమైన, మీట నొక్కినను క్లచ్చు విడువదు. ఇంజను ఆపి, మీట వదలి, బండిని ముందుకు నెట్టిన ఇంజను తిరుగవలెను. తిరుగక చక్రము మాత్రమే పోయిన క్లచ్చు పట్టుటలేదు. మీట నొక్కి నెట్టినపుడు బండి తేలికగ దొర్లవలెను. ఇంజను బరువు తగిలిన క్లచ్చు విడుచుటలేదు. ఈ రెండు పరీక్షలు చేయక మునుపు స్పానరు పట్టరాదు. పళ్లచక్రమునకు గ్రీజు ధారాళముగ పూయువారు, అది ఎగజిమ్మి ఘర్షణ ముక్కలపై పడి పట్టును హరించునని ఎరుగరు. అచ్చట గ్రీజు మితమే మేలు.

చట్టమును ఈ కథలో నొక పాత్రయే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, నాలుగుకంటె తక్కువ చక్రములు గలిగి ఇంజను సామర్థ్యము 25 ఘన సెంటీమీటర్లకు మించని బండిని మోటారు వాహనముగ గణింపదు. అంతకు మించినదానికి రిజిస్ట్రేషను మొదలగు నిబంధనలన్నియు వర్తించును. బండిని కట్టుకొనువారు ఈ సంగతిని మొదటనే తెలిసికొనుట క్షేమము.

నేడు పెడళ్ల మోపెడ్డు దాదాపు కనుమరుగై, విద్యుత్తు బండ్లకు క్లచ్చు అవసరమే లేకపోవుచున్నది. వ్రేలితో నూనె తుడిచి రోగము చెప్పిన ఆ పెద్దల విద్య ఏ పాఠ్యపుస్తకమునను పూర్తిగ చేరలేదు. పటమట, ఆటోనగరము పరిసరముల షెడ్డులలో అట్టి పనివారు మీకు తటస్థపడినచో, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలలోనే, వ్రాసి భద్రపరుపుడని పాఠకులను వేడుచున్నాను.