నల్లబడిన తెర

కొన్ని యేండ్ల క్రిందట మచ్చ బొల్లారములోని మా యింట నొక రాత్రి నేను కంప్యూటరుపై వ్యాసము వ్రాయుచుండగా తెర హఠాత్తుగా నల్లబడినది. ఏ మీట నొక్కినను ఫలము లేకపోయెను. అయినను యంత్రము చావలేదు. ప్రక్కగదిలోని కంప్యూటరునుండి నెట్‌వర్కు ద్వారా పలుకరింపగా అది వెంటనే బదులిచ్చెను. నేను వ్రాసిన నాలుగు పుటలును దాని జ్ఞాపకములో నున్నవి. నా చేతికి మాత్ర మందవు. తుదకు కరెంటు తీసివేసితిని. పుటలు పోయినవి.

బొమ్మలు గీయు ప్రోగ్రాము కూలినప్పుడు తెరను మరల నిలుపవలసినవా రెవరు? తోలుబొమ్మలాట చూచిన శ్రోతల కీ ప్రశ్న క్రొత్త కాదు. బొమ్మల నాడించువాడు సొమ్మసిల్లినచో, తెరవెనుక దీపమును చూచుకొనవలసినది మేళమే గాని పడినవాడు గాడు గదా!

కంప్యూటరులలో ఈ న్యాయము కుదురుకొనుటకు చాలకాలము పట్టెను. ఎక్స్ విండో పద్ధతి 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పుట్టినది. లినక్సులో ఈ పద్ధతి ననుసరించిన సర్వరు అను ప్రోగ్రాము గ్రాఫిక్స్ కార్డును తానే నడిపెడిది. ఆపరేటింగ్ సిస్టమునకు గుండెకాయ యైన కెర్నెలునకు కార్డు ఏ స్థితిలో నున్నదో తెలియదు. కావున సర్వరు కూలినచో తెరను తిరిగి తెచ్చుట దాని తరము కాకుండెను. చచ్చినవాడే తన యిల్లు సర్దవలె నన్నట్లుండెను. 2009 మార్చిలో వెలువడిన 2.6.29వ కూర్పున, మొదట ఇంటెల్ కార్డుల విషయమున, తెరస్థితిని నిర్ణయించు పనిని కెర్నెలు చేపట్టెను.

విండోసు కథ వేరు. 1996లో వచ్చిన ఎన్.టి. 4.0 వేగము కొరకు గ్రాఫిక్స్ పనిని కెర్నెలులోనికి తెచ్చెను. అధికారము చేరినది, ఆదుకొను ఏర్పాటు చేరలేదు. డ్రైవరు తప్పటడుగు వేసినచో సిస్టమంతయు ఆగిపోవుటకు దారి యేర్పడెను. 2007లో ప్రజల కందిన విస్టాలో డ్రైవరు యొక్క పెద్దభాగము కెర్నెలు వెలుపలికి పోయెను. అంతేగాక, కార్డు సుమారు 2 సెకనులు పలుకనిచో సిస్టమే దానిని మరల మొదలుపెట్టి, తెరను నిలుపు పద్ధతి వచ్చెను.

త్రోవలు వేరైనను ఈ రెండు చరిత్రలును ఒకే నీతిని చెప్పుచున్నవి. తెరపై అధికార మెవరిదో, దానిని నిలుపు బాధ్యతయు వారిదే. 2024లో వచ్చిన లినక్సు 6.10వ కూర్పు మరియొక అడుగు వేసెను. కెర్నెలే కూలునప్పుడు సయితము తెరపై ఆ మాట వ్రాసి చెప్పు ఉపాయ మందు చేరెను.

అయినను సిస్టము తెరను తిరిగి తేగలదు గాని, మనము దాచనిదానిని తేజాలదు. అందుచే నేడు నేను పుట ముగిసినతోడనే దాచుకొని, పిమ్మటనే రెండవ పుట కెత్తుకొనుచున్నాను.