జెనోత్‌దెల్

జెనోత్‌దెల్ 1919 నుంచి 1930 వరకు సోవియట్ కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన మహిళా విభాగం. ఇది స్వతంత్ర సంఘం కాదు. పార్టీ కేంద్ర కమిటీ కింద ఉండేది. దీన్ని ఏర్పాటు చేసినదీ, దీని నాయకులను మార్చినదీ, చివరికి రద్దు చేసినదీ పార్టీయే.

స్థాపన

1918 నవంబరులో మాస్కోలో శ్రామిక, రైతు మహిళల తొలి అఖిల రష్యా మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు హాజరైన ఈ సభలో లెనిన్ ప్రసంగించారు. ఆడవాళ్లకు వేరే సంఘం ఉంటే కార్మికవర్గం చీలుతుందన్న వాదన పార్టీలో బలంగా ఉండేది. అందువల్ల 1919 సెప్టెంబరులో పార్టీలోనే ఒక విభాగం ఏర్పడింది. తొలి అధిపతి ఇనెస్సా అర్మాండ్ మరుసటి ఏడాది కలరాతో మరణించగా, అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ బాధ్యతలు చేపట్టారు.

పనితీరు

కర్మాగారాల్లో, పల్లెల్లో స్త్రీలు తమలో కొందరిని ప్రతినిధులుగా ఎన్నుకునేవారు. వారు కొన్ని నెలలపాటు సోవియట్లలో, కోర్టుల్లో, క్యాంటీన్లలో పని నేర్చుకుని, చూసినవి తమవారికి వివరించేవారు. చదువు నేర్పడం, శిశు సంరక్షణ కేంద్రాలు తెరిపించడం విభాగం ముఖ్య కార్యక్రమాలు. 1920లో ‘కొమ్మునీస్త్కా’ పత్రిక మొదలైంది. 1927 మార్చి 8న మధ్య ఆసియాలో ముసుగు తొలగింపు ఉద్యమాన్ని పార్టీ ఆరంభించినప్పుడు విభాగం కార్యకర్తలు ముందు నిలిచారు. ముసుగు తీసిన స్త్రీలు అనేకమంది హత్యకు గురయ్యారు. చాలామంది మళ్లీ ముసుగు వేసుకున్నారు.

పార్టీతో సంబంధం

పార్టీలోని తగాదాలు విభాగాన్ని నేరుగా తాకాయి. పార్టీ నాయకత్వాన్ని విమర్శించిన ‘కార్మికుల ప్రతిపక్షం’ అనే వర్గం వైపు నిలిచిన కొల్లొంతాయ్ 1922లో పదవి కోల్పోయి, దౌత్య ఉద్యోగంపై నార్వే వెళ్లారు. 1925లో పార్టీ నాయకుల మధ్య వచ్చిన వివాదంలో వారిలో ఒకరైన జినోవియెవ్‌ను సమర్థించిన అప్పటి విభాగాధిపతి క్లావ్దియా నికొలాయెవా స్థానంలో అలెగ్జాండ్రా అర్త్యూఖినా వచ్చారు. 1920లలో ప్రభుత్వం అమలు చేసిన నూతన ఆర్థిక విధానం కాలంలో ఎందరో స్త్రీలు ఉపాధి కోల్పోయారు. ఆ సమయంలోనూ స్థానిక పార్టీ కమిటీలు మహిళల పనిని చిన్నచూపు చూసేవి.

రద్దు

1930 జనవరిలో కేంద్ర కమిటీ పునర్వ్యవస్థీకరణ పేరిట విభాగం రద్దయింది. స్త్రీల సమస్య పరిష్కారమైందన్నది అధికారిక వైఖరి అయింది. 1920లో చట్టబద్ధం చేసిన గర్భస్రావాన్ని 1936లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధ చట్టం ముసాయిదాపై జరిగిన బహిరంగ చర్చలో ఎందరో స్త్రీలు అభ్యంతరం చెప్పినా, వారి మాటను పార్టీ లోపల వినిపించే విభాగం అప్పటికి లేదు.