బిట్‌కాయిన్‌లో నిర్ణయాధికారం

బిట్‌కాయిన్‌కు యజమాని గానీ పాలకమండలి గానీ లేదు. దాని నియమాల మార్పులో నాలుగు వర్గాలకు పాత్ర ఉంది: సాఫ్ట్‌వేర్ రాసే డెవలపర్లు, లావాదేవీలను బ్లాకులుగా కూర్చే మైనర్లు, ఎక్స్ఛేంజీల వంటి కంపెనీలు, సొంత కంప్యూటర్లలో నోడ్‌లు (బ్లాకులను నియమాల ప్రకారం తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్) నడిపే వినియోగదారులు. వీరిలో ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందన్నది 2015–17 నాటి బ్లాకు పరిమాణ వివాదంలో బయటపడింది.

2009 జనవరిలో నెట్‌వర్క్ మొదలైనప్పుడు నిర్ణయాలన్నీ సతోషి నకమోతో అనే మారుపేరుతో ఉన్న సృష్టికర్తవే. ఒక్కో బ్లాకు 1 మెగాబైటు మించరాదన్న పరిమితి 2010లో అలా వచ్చిందే. సతోషి తప్పుకున్నాక సాఫ్ట్‌వేర్ బాధ్యత గావిన్ ఆండ్రెసెన్‌కు, 2014లో వ్లాదిమిర్ వాన్ డెర్ లాన్‌కు చేరింది.

వాడకం పెరిగి బ్లాకులు నిండుతుండటంతో, పరిమితిని 8 మెగాబైట్లకు పెంచే బిట్‌కాయిన్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆండ్రెసెన్, మరో డెవలపర్ మైక్ హెర్న్ 2015 ఆగస్టులో ముందుకు తెచ్చారు. దానికి కావలసిన 75 శాతం మైనర్ల మద్దతు దక్కలేదు. బ్లాకులు పెద్దవైతే నోడ్ నడపడం సామాన్యులకు భారమవుతుందన్నది ప్రత్యర్థుల వాదన. వారు సమర్థించిన సెగ్‌విట్ లావాదేవీల సంతకాలను వేరుచేసి బ్లాకులో చోటు పెంచుతుంది. దానికి 95 శాతం మైనర్ల సమ్మతి అవసరం కాగా, అదీ నెలల తరబడి అందలేదు.

2017 మేలో 58 కంపెనీలు న్యూయార్క్ ఒప్పందం చేసుకున్నాయి. ముందు సెగ్‌విట్, ఆరు నెలల్లో 2 మెగాబైట్ల పరిమితి అన్నది దాని సారాంశం. మైనింగ్ సామర్థ్యంలో 80 శాతానికి పైగా తమ వెంట ఉందని అవి ప్రకటించాయి. మరోపక్క, సెగ్‌విట్‌కు సమ్మతి తెలపని బ్లాకులను ఆగస్టు 1 నుంచి తమ నోడ్‌లు తిరస్కరిస్తాయని కొందరు వినియోగదారులు హెచ్చరించారు. గడువులోపే మైనర్లు సెగ్‌విట్ వైపు మొగ్గారు. ఆగస్టు 24న అది అమల్లోకి వచ్చింది. పెద్ద బ్లాకులు కోరినవారు ఆగస్టు 1నే బిట్‌కాయిన్ క్యాష్ అనే వేరే నాణెంతో విడిపోయారు. ఏకాభిప్రాయం కుదరక 2 మెగాబైట్ల పథకాన్ని దాని నిర్వాహకులే నవంబరు 8న విరమించుకున్నారు.

నియమం తప్పిన బ్లాకును నోడ్‌లు అంగీకరించవు. అప్పుడు మైనరుకు రావలసిన ప్రతిఫలం (2017లో 12.5 బిట్‌కాయిన్లు) చెల్లదు, కరెంటు ఖర్చు మాత్రం మిగులుతుంది. మైనర్ల బలానికి హద్దు ఇదే. డెవలపర్లు కోడ్ ఇవ్వగలరే తప్ప దాన్ని వాడమని ఎవరినీ బలవంతపెట్టలేరు. చీలిక వస్తే ఏ నాణేన్ని బిట్‌కాయిన్ పేరుతో అమ్మాలో ఎక్స్ఛేంజీలు తేల్చుకుంటాయి గనుక వాటి పలుకుబడీ తక్కువేమీ కాదు. తర్వాతి పెద్ద మార్పు టాప్‌రూట్‌పై ఇంత రగడ జరగలేదు. 90 శాతం మైనర్ల సమ్మతి లభించి, 2021 నవంబరులో అది అమలైంది.