రాత్రికి బస ఎక్కడ?

వేసవిలో కారు ప్రయాణం అనుకోగానే మా ఇంట్లో పనులు రెండు వాటాలవుతాయి. టైర్లలో గాలి, ఇంజన్లో ఆయిలు, ఏ దారిన వెడితే ఎన్ని కిలోమీటర్లు కలిసివస్తాయి - ఇవన్నీ మావారి వాటా. ఏం తినాలి, రాత్రికి ఎక్కడ పడుకోవాలి - ఈ రెండూ నా వాటా. మీ ఇంట్లోనూ ఇంతే అయివుంటుంది. పులిహోర కలిపి డబ్బాకెత్తితే తిండి గొడవ ఒకపూటకి తీరుతుంది గాని, బస సంగతి అలా కాదు. బాత్రూము శుభ్రంగా ఉంటుందా, తలుపు గడియ సరిగ్గా పడుతుందా, కింద బారు గాని ఉందా - ఆడవాళ్లకొచ్చే ఈ అనుమానాలు మగవాళ్లకి రావు. ఇప్పుడు ఫోన్లో ఫొటోలు చూసి గది ఖాయం చేసుకుంటున్నాం. అయినా అనుమానాలు అలాగే ఉన్నాయి.

సరే, మన బెంగంతా గది ఎలా ఉంటుందోనని. చేతిలో డబ్బుంది, హోటల్లో గది ఖాళీగా ఉంది, అయినా మనకి ఇస్తారా ఇవ్వరా అన్న భయంతో, చేతిలో ఒక చిన్న పుస్తకం పట్టుకుని దరిదాపు ముప్ఫయ్యేళ్లు ప్రయాణాలు చేసిన జనం ఉన్నారు. అమెరికాలో నల్లవారు. ఆ పుస్తకం పేరు 'నీగ్రో మోటరిస్ట్ గ్రీన్ బుక్'. 2018లో 'గ్రీన్ బుక్' అని సినిమా వచ్చింది, ఆస్కారు కూడా తెచ్చుకుంది. మీలో చాలామంది చూసే ఉంటారు. నాకు మాత్రం సినిమా కంటే పుస్తకమే బాగా పట్టుకుంది. పాత సంచికలు చాలావరకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వారు ఎవరైనా చూసుకునేలా కంప్యూటర్లోకి ఎక్కించారు. ఓ మధ్యాహ్నం వాటి పేజీలు తిప్పుతూ కూర్చున్నానంటే సాయంత్రం కాఫీ వేళ దాటిపోయింది.

గ్రీన్ అంటే ఆకుపచ్చ రంగు అనుకునేరు, అది ఆయన ఇంటిపేరు. విక్టర్ హ్యూగో గ్రీన్. న్యూయార్కులో 1892లో పుట్టాడు. పక్కనున్న న్యూజెర్సీ రాష్ట్రంలో హాకెన్‌శాక్ అనే ఊళ్లో పోస్టుమాన్ ఉద్యోగం. కాపురం న్యూయార్కు హార్లెంలో, భార్య ఆల్మాతో. ఆవిడ పుట్టిల్లు దక్షిణాదిన వర్జీనియాలోని రిచ్‌మండ్. అత్తవారూరికి కారులో వెళ్లేటప్పుడు దారిలో ఏ హోటలు రానిస్తుంది, ఏ హోటలు పొమ్మంటుంది అన్నది ఆ అల్లుడుగారికి బాగానే తెలిసివుండాలి. 1936లో మొదటి సంచిక వేశాడు. అందులో న్యూయార్కు, ఆ చుట్టుపక్కల ఊళ్లు మాత్రమే. మర్నాటి ఏడాదికి దేశమంతా పాకింది. వెల పాతిక సెంట్లు. యూదులకి కూడా కొన్ని హోటళ్లు తలుపులు మూసేవి, వాళ్ల పత్రికలు ఎక్కడికి వెళ్లవచ్చో అచ్చువేసేవి. ఆ పద్ధతి చూసే తనకీ ఊహ కలిగిందన్నాడు గ్రీన్. సమాచారం పోగుచెయ్యడానికి పోస్టుమాన్ కంటే తగినవాడెవడు చెప్పండి! తోటి పోస్టుమాన్లని అడిగాడు. పాఠకులని వాళ్ల ప్రయాణపు అనుభవాలు రాసి పంపమన్నాడు, తీసుకున్నవాటికి డాలరు చొప్పున ఇచ్చాడు.

పుస్తకం అమ్మినవాళ్లలో ఎస్సో పెట్రోలు బంకులవారు ముఖ్యులు. ఎస్సో అనే మాట మన పాత తరానికి కొత్తది కాదు. 1974లో మన ప్రభుత్వం తీసుకుని హిందుస్తాన్ పెట్రోలియంగా మార్చకముందు మన ఊళ్లలోనూ ఆ బోర్డులుండేవి. అమెరికాలో చాలా పెట్రోలు బంకులు నల్లవారికి పెట్రోలు పోసి, వాళ్లని మరుగుదొడ్డికి మాత్రం వెళ్లనిచ్చేవి కావు. ఎస్సోవారు నల్లవారికి బంకులు కూడా ఇచ్చారు, ఈ పుస్తకమూ అమ్మారు. దయతోనా, వ్యాపారంతోనా అంటే, రెండూ అనుకుందాం.

ఇంతకీ ఈ ప్రయాణాలు ఎవరు చేసేవారు? 1910కీ 1970కీ మధ్య అరవై లక్షలమంది నల్లవారు దక్షిణాది పొలాలు వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్కు వంటి ఊళ్లకి వలసపోయారు. అమ్మమ్మలు, తాతయ్యలు మాత్రం అక్కడే ఉండిపోయారు. వేసవి వస్తే పిల్లల్ని తీసుకుని అమ్మమ్మగారి ఊరు వెళ్లాలి. ఇందులో మనకి తెలియనిదేముంది? రైళ్లలో, బస్సుల్లో నల్లవారికి వేరే పెట్టె, వెనక సీటు. ఆ అవమానం పడలేక, నాలుగు డబ్బులు చేరగానే కారు కొనుక్కునేవారు. కారులో కూర్చున్నంతసేపూ ఎవరి సీటులో వాళ్లే రాజులు. కాని కారు ఎక్కడో అక్కడ ఆగాలిగా.

ఆ ప్రయాణానికి ఇల్లాలు చేసే సన్నాహం గురించి చదువుతుంటే నాకు మన సంచులే గుర్తొచ్చాయి. కోడి వేపుడు, ఉడికించిన గుడ్లు, కేకు ముక్కలు చెప్పుల అట్టపెట్టెల్లో సర్దేవారు. ఏ హోటలూ భోజనం పెట్టకపోయినా పిల్లలు ఏడవకుండా ఉండాలని. మంచినీళ్లు, దుప్పట్లు, ఒక డబ్బా పెట్రోలు. ఇంకొక డబ్బా కూడా - అది పిల్లల చిన్న అవసరాలకి. మరో వస్తువు మాత్రం మన సంచుల్లో ఎన్నడూ ఉండదు. డ్రైవర్లు పెట్టుకునే టోపీ! మంచి కారులో నల్లవాడు పోతుంటే పోలీసులు ఆపి, కారు ఎవరిదని గద్దించేవారు. అప్పుడు ఆ టోపీ చూపించి, మా దొరగారి కారండీ, అందించడానికి వెడుతున్నాను అనాలి. భార్యాపిల్లల ముందు, సొంత డబ్బుతో కొనుక్కున్న కారులో కూర్చుని! కొన్ని ఊళ్లలో పొద్దుగూకేసరికి నల్లవారు ఊరి పొలిమేర దాటిపోవాలన్న కట్టడి కూడా ఉండేది. కాబట్టి చీకటిపడేలోగా ఎక్కడికి చేరాలో పొద్దున్నే లెక్కవేసుకుని బయల్దేరేవారు.

ఆ లెక్కకే ఈ పుస్తకం. రాష్ట్రం, దాని కింద ఊరు, ఊరి కింద పేర్లు, వీధి నంబర్లు - చూడబోతే పెద్ద విశేషమేమీ కనబడదు. హోటళ్లు, భోజనశాలలు, కారు మరమ్మతు షాపులు, మందుల షాపులు, దర్జీలు, ఆఖరికి ఆడవాళ్లు జుట్టు చేయించుకునే బ్యూటీ పార్లర్లు. ఆ జాబితాలో 'టూరిస్ట్ హోమ్స్' అనే శీర్షిక ఒకటుంది. నా చూపు అక్కడే ఆగిపోయింది. హోటలే లేని ఊళ్లలో మామూలు సంసారులు తమ ఇంట్లో ఓ గది ఖాళీచేసి బాటసారులకి అద్దెకిచ్చేవారు. ఆ శీర్షిక కింద ఊరూరా 'మిసెస్ ఫలానా', 'మిసెస్ ఫలానా' అని ఆడవాళ్ల పేర్లే వరసగా కనబడతాయి. భర్త పోయినవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లై పట్నాలకి వెళ్లిపోయినవాళ్లు వారిలో ఎందరో. రాత్రి పదింటికి తలుపు తట్టితే లేచి దీపం వేసి, పిల్లలకి పాలు కాచి, పక్కలు పరిచే ఇల్లాళ్లు వాళ్లు.

మనకీ పూటకూళ్లమ్మలుండేవారు. గురజాడవారి 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మని తలుచుకుని అందరం నవ్వుకుంటాం గాని, వెనకాల ఆస్తీ, ముందు దిక్కూ లేని వితంతువు పదిమందికి వండిపెట్టి తన కాళ్లమీద తను నిలబడడం నవ్వులాట కాదు. ఆ అమెరికా మిసెస్సులూ మన పూటకూళ్లమ్మలూ ఒకరికొకరు బంధువులే అనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లోనే నల్లవారికి తమవంటూ విహారస్థలాలు కూడా ఏర్పడ్డాయి. మార్తాస్ విన్‌యార్డ్ అని మసాచుసెట్స్ సముద్రంలో ఒక దీవి ఉంది. ఛార్లెస్ షేరర్ అనే ఆయన - పుట్టుక బానిసగా - అక్కడ ఇల్లు కొంటే, ఆయన భార్య హెన్రియెటా దొరల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ పెట్టింది. 1912 నుంచీ ఆ ఇల్లు వేసవి అతిథులకి బస అయింది. గ్రీన్ గారు కూడా పుస్తకంతో ఆగలేదు. 1947లో సెలవులకి గదులు ముందుగా ఖాయంచేసిపెట్టే ఏర్పాటు మొదలుపెట్టాడు. ఇప్పుడు మన ఫోను చేసే పని!

మనవాళ్లకీ ఆ దేశంలో ఈ సెగ తగిలింది. 1941లో కమలాదేవి చట్టోపాధ్యాయ దక్షిణాదిలో రైల్లో వెడుతుంటే టిక్కెట్టు కలెక్టరు వచ్చి ఆ పెట్టెలోంచి లేవమన్నాడు. తరవాత అనుమానమొచ్చి ఏ దేశం మీది అని అడిగాడు. ఇండియా అంటే చాలు, గండం గడిచిపోయేది. ఆవిడ ఆ మాట అనలేదు. నేను కూడా రంగున్నదాన్నే, దేశం ఏదైతేనేం, లేచేది లేదు అన్న అర్థంవచ్చేలా చెప్పి అక్కడే కూర్చుంది. 1955 ఆగస్టులో హ్యూస్టన్ విమానాశ్రయంలో మన రాయబారి జి.ఎల్. మెహతా గారిని భోజనశాలలో తెల్లవారికి దూరంగా వేరేచోట కూర్చోమన్నారు. పై ప్రభుత్వం క్షమాపణలు చెప్పుకుంది. రాయబారి కాబట్టి. అదే నెలలో షికాగో నుంచి వేసవి సెలవులకి మిసిసిపీలో తల్లి తరపు బంధువుల ఊరు వెళ్లిన ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల కుర్రాణ్ణి, తెల్లావిడతో వెటకారంగా మాట్లాడాడని నెపం పెట్టి చంపేశారు. అతను తల్లి దగ్గరికి శవపేటికలో తిరిగివెళ్లాడు.

ఇదంతా చదివి, అమ్మో, అమెరికావాళ్లెంత దుర్మార్గులు అనుకోబోయి ఆగాను. అంబేడ్కర్ గారు 1913 నుంచి మూడేళ్లు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. హార్లెం దాని పక్కనే. ఆయన 1917లో బరోడాలో ఉద్యోగానికి వస్తే ఊళ్లో బస దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని ఉన్నారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని డజనుమంది పార్శీలు వచ్చి, సత్రం మైలపరిచావంటూ ఖాళీచెయ్యమన్నారు. చుట్టాలు లేరు, ఇల్లిచ్చే స్నేహితుడు లేడు. సాయంకాలందాకా ఓ తోటలో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు. ఈ సంగతులన్నీ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో రాసుకున్నారు. మన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఏ ఊళ్లో సత్రముంది, ఎక్కడ ఏం దొరుకుతుంది అని మజిలీ మజిలీకీ రాసిపెట్టారు. వెనక వచ్చేవారికి ఎంత మేలో! అయితే ఆ సత్రాలు అందరికీ తలుపులు తీసేవి కావు. తీయని వాళ్ల కోసం ఒక గ్రీన్ బుక్ మనదేశంలో ఎవరూ వేసినట్టు లేదు. 1950లో వచ్చిన మన రాజ్యాంగం పదిహేనో అధికరణం కులమూ మతమూ చూసి హోటలు తలుపు మూయడానికి వీల్లేదంది. ఇప్పటికీ శ్రీశైలం వెడితే కులానికో సత్రం కనబడుతుంది. మన పేరు వినగానే ఇంటిపేరు కూడా అడిగేవాళ్లు కనబడతారు.

అమెరికాలో అలాంటి చట్టం 1964 జూలై 2న వచ్చింది. వచ్చిన గంటల్లోనే అట్లాంటాలో ఒక మోటెల్ యజమాని కోర్టుకి పోయాడు. 216 గదుల మోటెల్ అది. తనే లాయరు కూడా. నల్లవారికి గది ఇవ్వమని నన్ను బలవంతం చెయ్యడమంటే నాచేత వెట్టిచాకిరీ చేయించడమే, అది బానిసత్వ నిషేధానికి విరుద్ధం అని వాదించాడు! బానిసల మనవళ్లు గది అడిగితే ఇతనికి బానిసత్వం గుర్తొచ్చింది చూశారూ? డిసెంబరు 14న సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమందీ ఏకమాటగా అతని వాదం కొట్టేశారు.

ఇలాంటి పుస్తకం అక్కర్లేని రోజు తొందర్లోనే వస్తుందని గ్రీన్ తన ముందుమాటలో రాస్తూ ఉండేవాడు. చూడకుండానే 1960లో పోయాడు. ఆల్మా పుస్తకం ఆపలేదు. 1966-67 సంచిక ఆఖరిది. పెద్ద హోటళ్ల తలుపులు తెరుచుకోగానే నల్లవారు అటే వెళ్లారు, వెళ్లక మరేం చేస్తారు? దాంతో ఆ మిసెస్సుల ఇళ్ల ముందు కార్లు ఆగడం మానేశాయి. నల్లవారి హోటళ్లు ఎన్నో మూతబడ్డాయి. ఆ కథ ఎవరూ పట్టించుకోలేదని నాకు కాస్త బాధగానే ఉంది.

ఆ పుస్తకంలో ఉన్న పేర్లలో లొరెయిన్ ఒకటి. మెంఫిస్ ఊళ్లో వాల్టర్ బెయిలీ, ఆయన భార్య లోరీ 1945 నుంచి నడిపిన మోటెల్. భార్య పేరు కలిసొచ్చేలాగే ఆయన దానికా పేరు పెట్టుకున్నాడు. మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరొస్తే అక్కడ దిగేవాడు. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం 306వ నంబరు గది బయట బాల్కనీలో నిలబడివుండగా ఆయన్ని కాల్చేశారు. ఆ సాయంత్రమే లోరీ బెయిలీకి మెదడులో నరం చిట్లి పడిపోయింది. ఏప్రిల్ 9న, కింగ్‌కి అంత్యక్రియలు జరిగిన రోజునే, ఆవిడా పోయింది. వాల్టర్ ఆ గదిని మళ్లీ ఎవరికీ అద్దెకివ్వలేదు. 1991లో ఆ మోటెల్ మ్యూజియమైంది. మంచం, దుప్పటి, కాఫీ కప్పులు ఆనాడున్నట్టే ఉంచారట.