ఆలిమా అంటే విదుషి

ఈజిప్టు నాట్యం అనగానే మనకు రెండు బొమ్మలు గుర్తొస్తాయి. ఒకటి బ్రిటిష్ మ్యూజియంలోని నెబామున్ సమాధి చిత్రం. సుమారు 3,350 ఏళ్ల కిందటిది. జంట పిల్లనగ్రోవి ఊదుతూ ఒక స్త్రీ, తాళం వేస్తూ కొందరు, పక్కన నాట్యమాడే ఇద్దరు అమ్మాయిలు. రెండోది సినిమాలు చూపించిన ‘బెల్లీ డాన్స్’. మొదటిదాన్ని నాగరికత అంటారు, రెండోదాన్ని చూసి ముసిముసిగా నవ్వుకుంటారు. ఈ రెండు బొమ్మల మధ్య బతికిన స్త్రీల చరిత్ర ఏమైంది?

నాకు ఆ చరిత్ర ఒక్క మాటలో కనిపించింది. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో కైరోలో కళాకారిణులు రెండు రకాలు. వీధుల్లో, పండుగల్లో ఆడేవాళ్లు ఘవాజీలు. కలవారి అంతఃపురాల్లో ఆడవాళ్ల కోసం పాడేవాళ్లు అవాలిమ్‌లు. వాళ్లలో ఒక్కరిని చెప్పాలంటే ఆలిమా. అరబ్బీలో ఆ మాటకు అర్థం చదువుకున్న స్త్రీ, విదుషి. మతపండితులను ఉలేమాలు అంటాం కదా, రెండు మాటలకూ ధాతువు ఒకటే.

1834లో పాలకుడు మహమ్మద్ అలీ నర్తకులనూ వేశ్యలనూ ఒకే గాటన కట్టి కైరో నుంచి వెళ్లగొట్టాడు. దక్షిణాన ఉన్న ఎస్నా, కెనా, అస్వాన్ వాళ్లకు ప్రవాస స్థలాలయ్యాయి. మరి కైరో పెళ్లిళ్లలో ఆట ఆగిందా? ఆగలేదు. ఆడవేషం కట్టిన మగవాళ్లు ఆడారు. అంటే నిషేధం పడింది నాట్యం మీద కాదు, నాట్యం చేసి పొట్టపోసుకునే స్త్రీ మీద.

1850లో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ ఎస్నాలో కుచుక్ హానెమ్ అనే నర్తకిని కలిశాడు. టర్కీ భాషలో ఆ పేరుకు అర్థం ‘చిన్న దొరసాని’. అది పిలుపే తప్ప పేరు కాదు. ఆమె ఆటను, ఒంటిని, నిద్రను కూడా అతను రాసుకున్నాడు. ఆమె తన గురించి తాను చెప్పుకున్నది మాత్రం మనకు మిగల్లేదు. 1978లో ‘ఓరియంటలిజం’లో ఎడ్వర్డ్ సయీద్ ఎత్తిచూపింది ఈ మౌనాన్నే. ఆ కాలానికే ఆలిమా అన్న మాట వెలయాలికి మారుపేరైపోతోంది. ఉలేమా గౌరవం మాత్రం చెక్కుచెదరలేదు!

ఇరవయ్యో శతాబ్దంలో పాటకు కొంత విముక్తి దొరికింది. చిన్నతనంలో ఉమ్ కుల్సూమ్‌కు తండ్రి మగపిల్లాడి వేషం వేసి పాడించాడు. అదే ఉమ్ కుల్సూమ్ తర్వాత సంగీతకారుల సంఘానికి అధ్యక్షురాలైంది. నెలనెలా మొదటి గురువారం రాత్రి ఆమె కచేరీ కోసం అరబ్బు లోకం రేడియోల చుట్టూ చేరేది. 1975లో ఆమె చనిపోతే కైరో వీధుల్లోకి లక్షల మంది వచ్చారు. గొంతును దేహం నుంచి విడదీసి గౌరవించగలిగింది ఆ సమాజం. నర్తకికి ఆ వీలు లేదు కదా, ఆమె పనిముట్టు దేహమే. 1926లో బదియా మసాబ్నీ కైరోలో నాట్యశాల తెరిచింది. అక్కడి నుంచి వచ్చిన తహియా కరియోకా, సామియా గమాల్ సినిమా తారలయ్యారు. వాళ్లను జనం ఆరాధించారు. కానీ నర్తకిని కోడలిగా తెచ్చుకోవడానికి ఎన్ని ఇళ్లు ముందుకొచ్చాయి?

కైరో కళాకారిణుల మధ్య తిరిగి కరిన్ వాన్ న్యూకెర్క్ 1995లో ఒక పుస్తకం తెచ్చింది. ‘అన్నిటిలాంటిదే ఈ వృత్తీ’ అన్నది దాని శీర్షిక. పవిత్రతా వద్దు, పతనమూ వద్దు, మాది పని అని ఒప్పుకోండి చాలు! ఇంతకంటే సూటి స్త్రీవాద వాక్యం ఏముంటుంది?

ఇదంతా చదువుతుంటే మన ‘సాని’ గుర్తురాక మానదు. ‘స్వామిని’ నుంచి వచ్చిన మాట అది. దొరసానిలో గౌరవంగా నిలిచి, ఒంటరిగా తిట్టయింది. 1947 మద్రాసు చట్టం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. దోపిడీని ఆపాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ గుడిలో, మేజువాణిలో ఆడిన ఆటే సభావేదికలెక్కి శాస్త్రీయమైతే, దాన్ని తరతరాలుగా మోసిన కళావంతుల స్త్రీలలో ఎందరికి ఆ వేదిక దక్కింది?

కళను రాతి మీద, వేదిక మీద మెచ్చుకోవడం తేలిక. ఆలిమాను మళ్లీ విదుషి అని పిలవగలిగిన రోజే ఆ మెప్పుకు అర్థం.