జలగండం వేళ

జలగండం అనే మాట వినని తెలుగు ఇల్లు అరుదు. బిడ్డ పుట్టగానే జాతకం వ్రాయించి, అందులో నీటిగండం ఉన్నదని తెలిస్తే పెద్దలు ఆ బిడ్డను ఏటి దరికి, చెరువు దరికి పోనిచ్చేవారు కారు. ఆ జాగ్రత్త మంచిదే. అయితే ఆ మాటలో మరొక భావం కూడా దాగి ఉన్నది: నీటిలో పోయిన బిడ్డ నొసట వ్రాసి ఉండబట్టే పోయినాడని, అందుకు ఎవరూ చేయగలిగినది లేదని. తూర్పు బెంగాలు పల్లెలలో ఇదే నమ్మకం వేరొక రూపంలో కనబడుతుంది. నీటిలోని భూతమేదో పసివాణ్ణి పిలిచి తీసుకొనిపోయినదంటారు. ఈ గండానికి ఒక వేళ, ఒక చోటు ఉన్నవని మనుష్యులు తెలుసుకొన్నది ఇటీవలనే. ఎట్లా తెలుసుకొన్నారో ఆ చరిత్రను మనవి చేయబోతున్నాము.

నీట మునిగినవారిని ఎట్లాగైనా బ్రతికించాలనే పట్టుదలతో ఒక సంఘం ఆమ్‌స్టర్‌డాం నగరంలో 1767లో వెలసినది. వీధికొక కాలువ ఉన్న ఊరు కనుక ఆ అవసరం అక్కడివారికి ముందుగా తోచినది. ఏడేండ్లకు, 1774లో, విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు లండనులో అటువంటి సంఘాన్నే స్థాపించినారు. నీటిలో నుండి మనిషిని బయటికి తీసినవారికి ఈ సంఘాలు బహుమానాలిచ్చేవి. వారి చికిత్సలలో కొన్ని నేటికీ మెచ్చదగినవి: ఒంటికి వెచ్చదనం కలిగించడం, నోటిలో నోరుంచి ఊపిరి ఊదడం. మరికొన్ని నవ్వు తెప్పిస్తాయి. పొగాకు పొగను తోలుతిత్తితో రోగి ప్రేగులలోనికి ఊదేవారు! మనం మరీ నవ్వనక్కరలేదు. మునిగిన బిడ్డను కాళ్ళు పట్టుకొని తలక్రిందులుగా గిరగిర త్రిప్పే అలవాటు మన దేశంలో ఇంకా పూర్తిగా పోలేదు. నీళ్ళు కక్కించాలనే ఆత్రంలో ఊపిరి అందించవలసిన విలువైన నిమిషాలు దానివలన వృథా అవుతాయి. నోటి ద్వారా ఊపిరి ఊదమని పారిస్ విద్వత్పరిషత్తు 1740లోనే చెప్పినా, ఆ పద్ధతి మరుగున పడి, 1950ల చివర అమెరికాలో ఎలం, సాఫర్ అనే వైద్యుల పరిశోధనల వలన మరల వాడుకలోనికి వచ్చినది.

ఇదంతా బిడ్డ నీటిలో పడిన తరువాతి సంగతి. పడకముందు ఆ ఇంట ఏమి జరుగుతున్నదని అడిగినవారు చాల కాలం లేరు. ఆ ప్రశ్నకు జవాబు దొరికినది కూడ దానిని వెదకనివారికే. వారు వెదకినది కలరాను.

1960లో ఢాకా నగరంలో కలరా పరిశోధనాలయం ఒకటి ఏర్పడినది. అక్కడి శాస్త్రజ్ఞులు టీకాల పరీక్ష కోసం 1963లో మేఘనా నదీ ప్రాంతపు మత్లబ్ అనే చోట పని ప్రారంభించినారు. ఏ టీకా ఎంత పని చేసినదో తేలవలెనంటే ఎవరు పుట్టినారో, ఎవరు గిట్టినారో ముందు తెలియవలె గదా! అందుచేత 1966 నుండి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ప్రతి జననాన్నీ, ప్రతి మరణాన్నీ, దాని కారణంతో సహా, పుస్తకంలోకి ఎక్కించసాగినారు. తుపానులు వచ్చినవి, 1971లో యుద్ధం వచ్చి దేశం పేరే మారి బంగ్లాదేశ్ అయినది. కాని ఆ లెక్క ఆగలేదు. లవణాలు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి కలరా రోగిని నిలబెట్టవచ్చునని 1968లో ఢాకాలో రుజువైన సంగతి లోకప్రసిద్ధం. ఆ నీళ్ళు, టీకాలు పల్లెలకు చేరిన కొలదీ, విరేచనాలతోనూ తట్టుతోనూ పోయే పసివారి సంఖ్య ఏటేటా తగ్గసాగినది.

అప్పుడు పుస్తకాలలో ఒక వింత కనబడినది. మత్లబ్‌లో ఒకటి మొదలు నాలుగేండ్ల పిల్లల మరణాలలో నీట మునిగి పోయినవి 1983లో నూటికి 9. అదే 2000 నాటికి నూటికి 53! అంతకు ముందుకన్న ఎక్కువమంది మునుగుతున్నారని దీని అర్థం కాదు. చెరువు నీరు తీసినప్పుడు అడుగున ఉన్న బండ బయటపడినట్లు, తక్కిన మరణాలు తగ్గగా ఇది పైకి తేలినది. బండ ఎప్పుడూ అక్కడే ఉన్నది.

అన్నాళ్ళు అది ఎవరి కంటా పడకపోవడం ఎట్లా? మునిగిన పసివాణ్ణి ఆసుపత్రికి మోసుకొనిపోయేవారు అరుదు. ప్రాణం అక్కడే పోయేది. వైద్యుడు చూడడు, చీటీ వ్రాయడు, ఆనాటి సాయంత్రమే అన్నీ ముగిసిపోయేవి. ఆసుపత్రి లెక్కలను బట్టి దేశారోగ్యాన్ని కొలిచేవారికి ఆ బిడ్డ పుట్టనూ లేదు, పోనూ లేదు. 2003లో బంగ్లాదేశ్ అంతటా ఒక లక్షా 70 వేలకు పైగా ఇండ్లు తిరిగి అడిగినప్పుడు గాని దేశం మొత్తం లెక్క తేలలేదు. ఏటా సుమారు 17,000 మంది పిల్లలు. రోజుకు నలభై ఆరుగురు.

ఎక్కడ మునుగుతున్నారు? నదిలో కాదు, సముద్రంలో కాదు. ఆ దేశంలో వరద భయం చేత ఇంటికి ఎత్తైన దిమ్మె కావలె. దిమ్మెకు మట్టి కావలె. పెరటిలో త్రవ్వి మట్టి తీస్తారు. త్రవ్విన గొయ్యి కుంట అవుతుంది. ఇంటిని వరద నుండి కాపాడిన మట్టే బిడ్డకు మడుగును విడిచిపోయినదన్నమాట. ఆ కుంటలోనే స్నానం, అంట్లు తోమడం, బట్టలుతకడం, చేపల పెంపకం. కాలువ గట్టున కాపురముండే మన కోనసీమ వారికి ఈ దృశ్యం వర్ణించి చెప్పనక్కరలేదు. మరణాలలో అత్యధికం గడపకు ఇరవై మీటర్ల లోపునే జరిగినవని పరిశోధకులు గుర్తించినారు. పోయినవారిలో అప్పుడే నడక నేర్చిన, రెండవ ఏట ఉన్న బిడ్డలే మిక్కిలి ఎక్కువ. పసిబిడ్డ నీటిలో అరవడు, చేతులు కొట్టుకోడు, చప్పుడు కాదు. బారెడు లోతు కూడ అక్కరలేదు. మన పట్టణపు ఇండ్లలో స్నానాల గదిలోని నిండు బకెట్టే చాలును.

ఇక వేళ. ఉదయం తొమ్మిది నుండి మధ్యాహ్నం ఒంటిగంట వరకు. తండ్రి పొలానికి, పెద్ద పిల్లలు బడికి వెళ్ళి ఉంటారు. తల్లి పొయ్యి దగ్గర, గొడ్ల దగ్గర, కుంట దగ్గర ఉంటుంది. బిడ్డను ఏ ఆరేండ్ల అక్కకో అప్పగించి ఉంటుంది.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. స్త్రీల కార్యక్రమానికి రేడియోవారు మధ్యాహ్నపు వేళను ఏర్పరచుకొన్నది, అంతకు ముందు ఇల్లాలికి వినే తీరిక ఉండదని ఎరిగే. ఆ తీరిక లేని గంటలలో బిడ్డ ఎక్కడ ఉంటాడని మేము ఎన్నడూ అడుగుకోలేదు. తల్లి అజాగ్రత్త అని తేల్చివేయడం సులభం. కాని ఆమె చేతిలో ఉన్న పనిని ఎవరు తీసుకొంటారు?

ఈ ప్రశ్న నుండి పుట్టినదే ‘ఆంచల్’. సంస్కృతంలోని అంచలమే అది, మన చెరగు. 2006లో ప్రారంభమైన ఈ ఏర్పాటు అతి సామాన్యం. ఊరిలోనే ఒక ఇల్లాలు తన ఇంట ఒక గదిని ఇస్తుంది. ఆమెను ‘ఆంచల్ మా’ అంటారు. ఆమె, సహాయకురాలు మరొకరు, తొమ్మిది మొదలు ఒంటిగంట వరకు పాతికమంది పిల్లలను కనిపెట్టి ఉంటారు. పాటలు, బొమ్మలు, అక్షరాలు. ఖరీదైన సామాను ఏదీ లేదు. 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ గదులకు వెళ్ళే పిల్లలలో నీటి మరణాల ప్రమాదం నూటికి 82 వంతులు తగ్గినది. తరువాత మరొక ప్రయత్నంలో, ఇంటిలోనే బిడ్డను కూర్చోబెట్టే కటకటాల దడిని కూడ పంచి చూచినారు. దానివలన అటువంటి లాభమేదీ స్పష్టంగా తేలలేదు. మాకు ఇందులో ఆశ్చర్యం కనబడలేదు. దడి బిడ్డను చూడదు గదా!

నాలుగేండ్లు నిండిన పిల్లలకు ఈత. అదీ ఊరి కుంటలోనే, వెదురుతో కట్టిన దిమ్మెపై నిలబెట్టి నేర్పుతారు. ఇరవై అయిదు మీటర్లు ఈదగలగాలి, ముప్పై సెకనులు తేలగలగాలి, అంతే పరీక్ష. ఇందులో ప్రమాదం తగ్గినది నూటికి 93 వంతులు.

బంగ్లాదేశ్, ఐర్లండు దేశాల చొరవతో 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ఈ విషయమై తొలిసారి తీర్మానం చేసి, జూలై 25ను నీటి మరణాల నివారణ దినంగా నిర్ణయించినది. ఆ సంవత్సరం ప్రపంచంలో నీట మునిగి పోయినవారు సుమారు 3 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో దాదాపు నాలుగవ వంతు అయిదేండ్ల లోపువారు. మన భారత ప్రభుత్వం నివారణ ప్రణాళికను 2023 డిసెంబరులో ప్రకటించినది. బంగ్లాదేశ్ ప్రభుత్వం 2022లో పదహారు జిల్లాలలో 8,000 కేంద్రాలు, రెండు లక్షల పిల్లలు లక్ష్యంగా పథకాన్ని ఆమోదించినది.

ఒంటిగంటకు తల్లి వచ్చి బిడ్డను ఎత్తుకొని పోతుంది. ఇంటి వెనుక కుంట మాత్రం ఎప్పటివలెనే ఉంటుంది.